బీసెంట్ రోడ్డు కౌంటర్ మీద యాపిల్ లెక్కలు

బెజవాడలో పాత ఫోను అమ్మడానికి వెళ్ళినవాళ్ళకు ఈ తేడా తెలిసే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోను కౌంటర్ మీద పెడితే కుర్రాడు మోడలు అడుగుతాడు, కొన్న తేదీ అడుగుతాడు, ఆపైన మొహం అదోలా పెట్టి ఓ అంకె చెబుతాడు. ఐఫోన్ పెడితే పెద్దగా ప్రశ్నలుండవు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యాటరీ హెల్త్ (కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీలో నూటికి ఎంత సత్తువ మిగిలిందో) చూస్తాడు, వెనక అద్దం మీద బొటనవేలితో రాసి చూస్తాడు, "బాక్సుందా అన్నా, బిల్లుందా?" అంటాడు. రేటు అతని నోటి చివరే ఉంటుంది. సాయంత్రంలోగా దాన్ని కొనేవాడు వస్తాడని అతనికి తెలుసు.

యాపిల్ వ్యాపారం గురించి రాసేవాళ్ళు కొత్త ఫోను దగ్గర మొదలుపెడతారు. నేను ఈ పాత ఫోను దగ్గర మొదలుపెడుతున్నాను. ఆ కంపెనీ బలానికి తల్లివేరు ఇక్కడుంది. ఇప్పుడు దానికి పట్టిన చీడ కూడా ఈ వేరు చుట్టూనే.

ముందు డబ్బు సంగతి. యాపిల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు ఆఖరి శనివారంతో ముగుస్తుంది. 2025 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో అమ్మకాలు సుమారు 41,600 కోట్ల డాలర్లు, నికర లాభం 11,200 కోట్ల డాలర్లు. అమ్మకాల్లో సగం, అంటే దాదాపు 20,960 కోట్లు, ఒక్క ఐఫోన్‌వే. మ్యాక్, ఐప్యాడ్, వాచీ, చెవుల్లో పెట్టుకునేవీ అన్నీ కలిపినా ఐఫోన్‌లో సగానికి రావు. ఇన్ని వస్తువులు చేసే కంపెనీ ఇప్పటికీ ఒంటి స్తంభం మీద నిలబడి ఉంది.

రెండో పెద్ద పద్దు సర్వీసులు. యాప్ స్టోర్ కమీషను, ఫోటోలూ బ్యాకప్పూ దాచుకునే ఐక్లౌడ్ అద్దె, మ్యూజిక్, రిపేరు బీమాలాంటి యాపిల్ కేర్, ఐఫోన్ బ్రౌజరు సఫారీలో వెతుకులాటకు గూగుల్ ఇచ్చే సొమ్ము, అన్నీ ఇందులోకే వస్తాయి. ఆ ఏడాది ఇది సుమారు 10,900 కోట్ల డాలర్లు. అమ్మకాల్లో నాలుగో వంతే కదా అనిపిస్తుంది. స్థూల లాభం, అంటే తయారీ ఖర్చు పోగా మిగిలేది లెక్కేస్తే సంగతి బయటపడుతుంది. వస్తువు అమ్మితే నూటికి 37 లోపు మిగులుతుంది, సర్వీసు అమ్మితే నూటికి 75. కాబట్టి స్థూల లాభంలో సర్వీసుల వాటా 42 శాతం దాకా ఉంది.

ఇది మన దగ్గర ఎలా జరుగుతుందో చూడండి. గుంటూరు బ్రాడీపేటలో చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు సెకండ్‌హ్యాండ్ ఐఫోన్ 12 కొన్నాడనుకుందాం. ఆ బేరంలో యాపిల్‌కి పైసా రాలేదు. వాడు ఫోటోలు తీస్తాడు, వీడియోలు తీస్తాడు. ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ. 2011లో ఎంత ఇచ్చిందో ఇప్పటికీ అంతే, ఒక్క జీబీ పెంచలేదు. నెల తిరక్కుండానే నిండిపోతుంది. సెట్టింగ్స్ మీద ఎర్ర చుక్క పడుతుంది, బ్యాకప్ ఆగిపోయిందని రోజూ గుర్తుచేస్తుంది. 50 జీబీకి నెలకు 75 రూపాయలు. నాలుగైదు టీల ఖర్చు. యూపీఐ ఆటోపేకి ఒప్పుకుంటాడు, ఆ తర్వాత ఆ సంగతి మర్చిపోతాడు. ఏడాదికి 900. వాడు ఆ ఫోను ఇంకొకరికి అమ్మేస్తే కొన్నవాడి లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఫోను చేతులు మారినకొద్దీ దానికి కొత్త అద్దెదారు దొరికినట్టే.

(ఆటోమేటిక్ చెల్లింపులకు రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలతో యాపిల్ 2022లో ఇక్కడ కార్డులు తీసుకోవడం ఆపింది. యూపీఐ, నెట్ బ్యాంకింగ్, ఖాతాలో వేసుకున్న బ్యాలెన్సు మిగిలాయి. వేరే కంపెనీకైతే అది పెద్ద దెబ్బే. యూపీఐ ఉండబట్టి గట్టెక్కింది.)

పాత ఫోను ఇన్నేళ్ళు పనికొస్తుందంటే కారణం చిప్పు, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే ఇంట్లో తయారవడం. 2010లో ఏ4 చిప్పుతో మొదలైంది. 2020 నవంబరులో ఎమ్1తో మ్యాక్‌లకూ సొంత చిప్పు వచ్చేసింది. ఐఫోన్ 6ఎస్ 2015లో ఐఓఎస్ (ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 9తో వచ్చి, 2021 నాటి ఐఓఎస్ 15 దాకా అప్‌డేట్లు అందుకుంది. 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఆర్‌కి ఐఓఎస్ 18 వరకు వచ్చింది, ఐఓఎస్ 26 దగ్గర దాన్ని దింపేశారు. అందుకే కౌంటర్ మీద ఎక్స్ఆర్ ధర, 11 ధర మధ్య ఇప్పుడు పాతదనాన్ని మించిన తేడా కనిపిస్తుంది. అయితే ఈ బలం ఇప్పుడు ఒక్క యాపిల్‌దే కాదు. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కి, 2024 జనవరిలో శాంసంగ్ ఎస్24కి ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చాయి. ఆ మాట నిలబడితే నాలుగైదేళ్ళ తర్వాత ఇదే కౌంటర్ మీద రేట్ల తేడా తగ్గుతుంది.

ధర విషయంలో యాపిల్ ఎంత ఒడుపుగా నడిచిందో చాలామంది గమనించలేదు. ఐఫోన్ 12, 13, 14, 15, 16, ఈ ఐదు మామూలు మోడళ్ళూ మన దేశంలో దిగిన రోజు ధర ఒక్కటే: 79,900 రూపాయలు. అమెరికాలో ప్రకటన ధర 799 డాలర్లు. కాగితం తీసుకుని వేసి చూడండి. 2021 సెప్టెంబరులో డాలరు 73 రూపాయల 50 పైసల దరిదాపుల్లో ఉంది. 799ని దాంతో హెచ్చించి 18 శాతం జీఎస్టీ కలిపితే 69,300. అంటే మన ధరలో పదివేల పైచిలుకు అదనం ఉంది. 2024లో డాలరు 84. అదే లెక్క వేస్తే 79,200. అదనం ఆవిరైపోయింది. రూపాయి పడినంతా కంపెనీ మింగింది, ధర మాత్రం కదల్లేదు. 2025లో ఐఫోన్ 17ని 82,900కి దింపింది. డాలరు 88 చొప్పున 799 డాలర్లకు జీఎస్టీ కలిపితే 82,970 వస్తుంది. రూపాయల్లోంచి పైసలు తీసేసినట్టు సరిపోయింది.

ఆ పదివేలు ఎక్కడ మిగుల్చుకుందంటే, నా అంచనాలో చెన్నై దగ్గర ఐఫోన్లు కట్టే శ్రీపెరంబుదూరులో. 2021లో పెట్టెతో సహా దిగుమతయ్యే ఫోను మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకం 20 శాతం. 2024 బడ్జెట్‌లో గానీ అది 15 కాలేదు. 2022 ఏప్రిల్‌లో ఐఫోన్ 13 కూర్పు ఇక్కడ మొదలైంది, ఆ తర్వాతి మోడళ్ళు ఇంకా ముందే వచ్చాయి. సుంకం తప్పింది, రూపాయి పతనాన్ని ఆ మిగులుతో పూడ్చుకుంది. ప్రో మోడళ్ళ దగ్గర ఈ దయ కనపడదు. 16 ప్రో 999 డాలర్లు, జీఎస్టీతో 99,000 చిల్లర అవ్వాలి, ఇక్కడ పెట్టింది 1,19,900. పదిహేడులోనూ అంతే, 1,099 డాలర్ల ప్రో ఇక్కడ 1,34,900, తేడా ఇరవై వేల పైమాటే.

ఈ తేడా మన జిల్లాలకు బాగా పనికొచ్చే తేడా. ఇంటికొకరు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఊళ్ళు కదా. "అబ్బాయి వచ్చేప్పుడు ఫోను తెమ్మను" అనే ముందు ఈ లెక్క చూసుకోండి. టెక్సస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం దాకా పడుతుంది. 2024లో 16 ప్రో అక్కడ పన్నుతో 1,081 డాలర్లు, 84 చొప్పున 90,800. ఇక్కడి ధర కంటే 29 వేలు తక్కువ. అది లాభమే. మామూలు 16 సంగతి వేరు. 799 అనేది అప్పట్లో అక్కడి ఫోను కంపెనీ కనెక్షన్‌తో కొంటేనే. ఏ కనెక్షనూ లేకుండా కొంటే 829. పన్నుతో 897 డాలర్లు, అంటే 75,400. మిగిలేది నాలుగున్నర వేలు. ఇక్కడ బ్యాంకు కార్డు మీద వచ్చే డిస్కౌంటుకే ఆ మిగులు కాస్తా పోయేది.

పైగా అమెరికా ఫోనుకి కొన్ని మెలికలున్నాయి. ఐఫోన్ 14 నుంచి అక్కడి పీసుల్లో సిమ్ పెట్టే ట్రే ఉండదు, అంతా ఈసిమ్, అంటే ఫోనులోనే ఉండే, బయటికి తియ్యలేని సిమ్. ఫోను రోడ్డు మీద ఆగిపోతే సిమ్ తీసి పక్కనున్న బటన్ ఫోనులో వేసుకోవడం కుదరదు. పెద్దవాళ్ళకు ఇచ్చే ఫోనైతే ఇది బాగా ఆలోచించాల్సిన విషయం. వాయిదాల మీద కొన్న ఫోను అక్కడి నెట్‌వర్క్‌కి లాకై ఉంటుంది. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ అనే వరస ఉంటుంది. "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటేనే విమానం ఎక్కించమనండి. సీలు తియ్యని పెట్టె బ్యాగేజీ ఉచిత పరిమితి దాటితే కస్టమ్స్ సుంకం కట్టాలి. వారంటీ విషయంలో, కొన్న దేశంలోనే సర్వీసు ఇస్తానని చెప్పే హక్కు కంపెనీ తన షరతుల్లో ఉంచుకుంది.

ఇక సెకండ్‌హ్యాండ్. యాపిల్ పెట్టే తాళాలు ఎంత గట్టివో, ఎంత చిరాకో ఇక్కడే తెలుస్తుంది.

కొనేముందు *#06# కొట్టండి. వచ్చిన ఐఎమ్ఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), అబౌట్‌లో ఉన్నదీ, బిల్లు మీదున్నదీ మూడూ ఒకటవ్వాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎమ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ 15 అంకెలూ వేసి 14422కి మెసేజ్ పంపండి. ఆ నంబరు ఏ ఫోనుదో టెలికాం శాఖ జవాబిస్తుంది, బ్లాకులో ఉంటే అదీ తెలుస్తుంది. అబౌట్‌లోనే మోడల్ నంబరు మొదటి అక్షరం చూడండి. ఎమ్ అయితే కొత్తగా అమ్మిన ఫోను. ఎఫ్ అయితే కంపెనీయే బాగుచేసి అమ్మింది. ఎన్ అయితే సర్వీసు సెంటర్లో పాడైనదానికి బదులు ఇచ్చింది. పి అయితే మీద పేరు చెక్కించుకున్నది. చివర హెచ్ఎన్ ఉంటే ఇండియా, ఎల్ఎల్ ఉంటే అమెరికా. "ఇండియా పీసే సార్" అన్న మాటకు ఆ రెండక్షరాలే సాక్ష్యం.

అన్నిటికంటే ముఖ్యం యాక్టివేషన్ లాక్. 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది. పాత యజమాని తన యాపిల్ ఖాతాలోంచి బయటికి రాకపోతే, ఫోనుని ఎన్నిసార్లు చెరిపినా మళ్ళీ అతని పాస్‌వర్డే అడుగుతుంది. కాబట్టి డబ్బులిచ్చే ముందు మీ ఎదురుగానే ఖాతా తీయించి, మొత్తం చెరిపించి, మళ్ళీ మొదటి నుంచి సెటప్ చేయించండి. వైఫై తగిలించి హోమ్ స్క్రీన్ వచ్చేదాకా డబ్బు చేతిలోనే ఉంచుకోండి. సెట్టింగ్స్ పైన "ఈ ఐఫోన్ ఫలానా సంస్థ ఆధీనంలో ఉంది" అనే అర్థంలో ఇంగ్లిష్ వాక్యం కనపడితే అది ఆఫీసు ఫోను. ఎంత చవకైనా వదిలెయ్యండి. ఆ సంస్థ తలుచుకున్న రోజు అది ఇటుకరాయి అవుతుంది.

స్క్రీను మార్చారా లేదా అన్నది తర్వాతి పరీక్ష. అబౌట్‌లో "పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ" అనే వరస కనపడితే ఏదో మారింది. "అన్‌నోన్ పార్ట్" అని ఉంటే కంపెనీ సామాను కాదు. బ్యాటరీకి ఎక్స్ఆర్ నుంచి, డిస్‌ప్లేకి 11 నుంచి, కెమెరాకి 12 నుంచి ఇది చూపిస్తుంది. ఎస్ఈ మోడలు తప్పిస్తే ఐఫోన్ 12 నుంచి అన్నీ ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే) స్క్రీన్లే కానీ, చవగ్గా వేసేవాళ్ళు వెనక దీపంతో వెలిగే ఎల్‌సీడీ వేస్తారు. దాన్ని పట్టుకోవడం తేలిక. పూర్తి నలుపు బొమ్మ ఒకటి తెరిచి, వెలుతురు నిండా పెంచి, కౌంటర్ కిందకి నీడలోకి పెట్టి చూడండి. ఓఎల్ఈడీ అయితే స్క్రీను ఆరిపోయిందేమో అన్నంత నల్లగా ఉంటుంది. ఎల్‌సీడీ అయితే బూడిద రంగు వెలుగు తెలుస్తుంది, అంచు చుట్టూ నల్ల పట్టీ కూడా కాస్త లావుగా ఉంటుంది. బ్రైట్‌నెస్ పట్టీని నొక్కి పట్టుకుంటే ట్రూ టోన్ (చుట్టూ వెలుతురుని బట్టి స్క్రీను రంగు సర్దేది) బొత్తం రావాలి. రాకపోతే అనుమానించండి, వచ్చినా పూర్తిగా నమ్మొద్దు. పాత స్క్రీనులోని డేటాని కొత్తదానికి ఎక్కించే చిన్న పెట్టెలు రిపేరు షాపుల్లో ఉంటాయి.

బ్యాటరీ దగ్గర ఓ మాట. నాలుగేళ్ళ ఫోనులో హెల్త్ 100 అని చూపిస్తే సంతోషించకండి. మారిస్తేనే అలా ఉంటుంది. ఏది వేశారన్నది ప్రశ్న. కొందరు కొత్త సెల్లుకి పాత బ్యాటరీ మీది చిన్న బోర్డు కోసి అతికిస్తారు, హెచ్చరిక రాకుండా. ఐఫోన్ 14 దాకా బ్యాటరీ 500 చార్జింగ్ సైకిళ్ళకు (నూరు శాతం చార్జి వాడితే ఒక సైకిల్) 80 శాతం నిలిచేలా, 15 నుంచి 1,000 సైకిళ్ళకు 80 శాతం నిలిచేలా చేశామని కంపెనీ చెబుతుంది. 15 నుంచి సైకిళ్ళ సంఖ్య సెట్టింగ్స్‌లోనే కనపడుతుంది. అమ్మేవాడు చెప్పే "లైట్ యూజ్" ఎంతో అక్కడ చూసుకోవచ్చు.

ఈ తాళాల వల్లే దొంగ ఫోనుకి విలువ పడిపోయింది, మంచి ఫోనుకి విలువ నిలబడింది. అవే తాళాల వల్ల గవర్నర్‌పేటలో చేయి తిరిగిన మెకానిక్ అసలైన స్క్రీనే వేసినా ఫోను దాన్ని పరాయిదానిలా చూసింది. ఒక పాడైన ఐఫోన్‌లోంచి తీసిన అసలు స్క్రీను, ఇంకో ఐఫోన్‌లో పెడితే "అన్‌నోన్". ఇది కస్టమరు భద్రత కోసమేనని కంపెనీ చాలాకాలం వాదించింది. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో కాస్త దిగొచ్చి, వాడిన అసలు భాగాలను ఫోనులోనే సరిచూసుకునే ఏర్పాటు ఇచ్చింది. దాంతోపాటే దొంగిలించిన ఫోను భాగాలకు కూడా యాక్టివేషన్ లాక్ పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో బిగించడం దాని అలవాటు.

మన ఊరి ఎండ గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. ఐఫోన్ వాడుకకు యాపిల్ రాసిన ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయనే చోట, మే నెలలో ఉదయం పదింటికే ఆ 35 దాటిపోతుంది. కనకదుర్గ వారధి మీద మధ్యాహ్నం బైకు హోల్డరులో మ్యాప్ పెట్టుకుని వెళ్తే మొదట స్క్రీను మసకబారుతుంది, తర్వాత చార్జింగ్ ఆగిపోతుంది, ఆఖరికి థర్మామీటరు బొమ్మ వస్తుంది. ఫోను చెడిపోలేదు, తనను కాపాడుకుంటోంది. కవరు తీసి నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో వైర్‌లెస్ చార్జింగ్ మానండి, ఆ వీలున్న ఫోనైతే చార్జింగ్ పరిమితి 80కి పెట్టుకోండి. ఇక్కడి ఫోన్లలో బ్యాటరీ హెల్త్ చల్లటి ఊళ్ళవాటికంటే ముందే పడిపోవడానికి ఎండే కారణం.

బ్యాటరీ విషయంలో యాపిల్ ఒకసారి పరువు పోగొట్టుకుంది కూడా. బ్యాటరీ బలహీనపడ్డ పాత ఫోన్లను సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేస్తున్నామని 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆరిపోకుండా ఉండటానికేనంది. కారణం నిజమే. చెప్పకుండా చేయడం తప్పు. తర్వాతి ఏడాది అమెరికాలో 29 డాలర్లకే బ్యాటరీ మార్చింది. జనం కొత్త ఫోను కొనడం మానేసి బ్యాటరీ మార్చుకున్నారు. 2019 జనవరిలో కంపెనీ తన అమ్మకాల అంచనా తగ్గించుకుంటూ చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఫోను ఎక్కువకాలం నిలిస్తే పాత ఫోను ధర బాగుంటుంది, కొత్త ఫోను కొనేవాడు ఆలస్యంగా వస్తాడు. ఆ ఖాళీని సర్వీసుల సొమ్ముతో నింపుకోవాలి.

ఆ సర్వీసుల సొమ్ము మీదే ఇప్పుడు కోర్టుల కన్ను పడింది. సఫారీలో గూగుల్ ముందుండటానికి 2022లో గూగుల్ ఇచ్చింది 2,000 కోట్ల డాలర్లు. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన కేసులో ఈ అంకె బయటపడింది. సఫారీ వెతుకులాటల ప్రకటనల రాబడిలో 36 శాతం యాపిల్‌కి పోతుందని కూడా అక్కడే తెలిసింది. ఆ ఏడాది సర్వీసుల రాబడి 7,800 కోట్లు. అందులో నాలుగో వంతు ఒక్క కంపెనీ ఇచ్చే మామూలు. పెట్టుబడి లేదు, ఫ్యాక్టరీ లేదు. 2024 ఆగస్టులో గూగుల్‌ది గుత్తాధిపత్యమని జడ్జి అమిత్ మెహతా తీర్పిచ్చినప్పుడు, ఈ డబ్బు పోతుందేమోనని యాపిల్ మదుపరులు గుండె చేత్తో పట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో పరిహారాలు నిర్ణయిస్తూ డబ్బు ఇవ్వొచ్చు, గూగుల్ ఒక్కటే ఉండాలనే ఒప్పందం కుదరదు అన్నాడు. ప్రస్తుతానికి గండం గడిచింది. కానీ తన లాభంలో అంత ముక్క ఎవరో జడ్జి కలం చివర ఉండటం యాపిల్ స్థాయి కంపెనీకి మంచి సంగతి కాదు.

యాప్ స్టోర్ కమీషనుదీ అదే కథ. నూటికి 30, ఏడాదికి పది లక్షల డాలర్లలోపు వచ్చే చిన్నవాళ్ళకు 2021 నుంచి 15. గేములు చేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ ఈ కమీషను మీద వేసిన కేసులో కోర్టు ఉత్తర్వును యాపిల్ ధిక్కరించిందని 2025 ఏప్రిల్‌లో జడ్జి తేల్చింది. అదే నెలలో యూరప్ 50 కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికా న్యాయశాఖ వేసిన గుత్తాధిపత్యం కేసు 2024 మార్చి నుంచి నడుస్తోంది. ఐఫోన్ 15కి టైప్ సి పోర్టు వచ్చిందంటే యూరప్ చట్టం మెడ మీద కూర్చోబట్టే. అది మాత్రం మనకు మేలే జరిగింది, ఇంట్లో ఒక్క తీగతో సరిపోతోంది. పెట్టెలో చార్జరు మాత్రం 2020లో తీసేసి, 20 వాట్లదాన్ని విడిగా 1,900కి అమ్మింది.

చైనా రెండు వైపులా కోసే కత్తి. గ్రేటర్ చైనా అమ్మకాలు 2022లో 7,420 కోట్ల డాలర్లు, 2025లో 6,440 కోట్లు. 2023 ఆగస్టు ఆఖర్లో హువావే తన సొంత చిప్పుతో మేట్ 60 ప్రో దింపాక అక్కడ గాలి మారింది. తయారీలోనూ అక్కడే ఇరుక్కుంది. 2022 నవంబరులో ఝెంగ్‌ఝౌ ఫ్యాక్టరీలో అలజడి రేగితే పండగ సీజనులో ప్రో ఫోన్లు దొరకలేదు. అప్పట్నుంచి ఇండియా వైపు జోరు పెరిగింది. శ్రీపెరంబుదూరులో, దేవనహళ్ళిలో ఫాక్స్‌కాన్, నరసాపురలో, హోసూరులో టాటా. నరసాపుర అంటే మన పశ్చిమ గోదావరి నరసాపురం అనుకునేరు, కోలార్ దగ్గరది. 2025 ఏప్రిల్, జూన్ మధ్య అమెరికాలో అమ్మే ఐఫోన్లలో ఎక్కువ భాగం ఇండియాలో తయారైనవే ఉంటాయని అప్పుడు యాపిల్ సీఈఓగా ఉన్న టిమ్ కుక్ చెప్పాడు. మన రాష్ట్రానికి ఫోన్ల తయారీ కొత్తేం కాదు. 2015లోనే శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు కట్టింది. ఐఫోన్ మాత్రం సరిహద్దు దాటి అటు వెళ్ళింది. కూర్పు ఇక్కడ జరిగినా మెదడు చిప్పు తైవాన్‌లో టీఎస్ఎమ్‌సీది, స్క్రీను కొరియా, చైనా కంపెనీలది. సొంత షోరూముల లెక్కలో ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, పుణె, నోయిడా ఉన్నాయి. హైదరాబాదే ఆ జాబితాలోకి రాలేదు, బెజవాడ సంగతి చెప్పేదేముంది.

సాఫ్ట్‌వేర్‌లో తెలివి (ఏఐ) దగ్గర యాపిల్ వెనకబడింది, ఇందులో మొహమాటం అక్కర్లేదు. మాటతో అడిగితే జవాబిచ్చే సిరి 2011లో వచ్చింది, అందరికంటే ముందు. 2024 జూన్‌లో చూపించిన కొత్త సిరిని, ఐఫోన్ 16 అమ్మకానికి వాడుకున్న ఆ సిరినే, 2025 మార్చిలో వాయిదా వేసింది. కారు ప్రాజెక్టు 2024 ఫిబ్రవరిలో మూసేసింది. ఇలాంటివి తట్టుకునే డబ్బు దానికుంది కాబట్టి సరిపోయింది.

మన భాష దానికి ఎంత దూరమో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. జ్ఞ అక్షరానికి కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు తగిలించి ఆ పైన దీర్ఘం పెడితే, ఆ మెసేజ్ అందుకున్న ఐఫోన్‌లో వాట్సాప్‌తో సహా యాప్‌లు కుప్పకూలాయి. అక్షరాన్ని తెర మీద గీసే యంత్రాంగానికి మన సంయుక్తాక్షరం కొరుకుడు పడలేదు. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. జ్ఞానం మొదటి అక్షరానికే పడిపోయిందని అప్పట్లో నవ్వుకున్నాం.

ఇక బేరం ఎప్పుడంటారా. పాతది అమ్మదలిస్తే ఆగస్టులో అమ్మండి. సెప్టెంబరులో కొత్తది రాగానే ముందటేడు మోడలు పదివేలు దిగుతుంది. 2024లో 15 ధర 69,900కి, 14 ధర 59,900కి అలాగే దిగాయి. కౌంటర్ మీది పాత ఫోను కూడా వాటి వెంటే దిగుతుంది. కొనదలిస్తే దసరా దాకా ఆగండి. అమ్మవారి గుడి కింద క్యూలు మొదలయ్యే వేళకి బీసెంట్ రోడ్డులో బ్యాంకు ఆఫర్లు కూడా మొదలవుతాయి. నో కాస్ట్ ఈఎమ్ఐ అంటే పూర్తిగా ఖర్చు లేనిదనుకోకండి. కార్డు మీదైతే వడ్డీని ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ బిల్లులోకే వస్తుంది. 79,900ని 12 నెలలకు పెట్టి వడ్డీ 16 శాతం అనుకుంటే నెలకు 6,658, వడ్డీ భాగం 6,500 చిల్లర, దాని మీద జీఎస్టీ 1,170 దాకా. ప్రాసెసింగ్ ఫీజు వేరు. అది ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే కార్డు గీయించండి.